చలికాలంలో ఆటోమేటిక్ డీజిల్ బండి: ఇంజన్ ఆపాలా, నడవనివ్వాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి పక్కన మాకు డీజిల్ ఇంజన్ల వర్క్‌షాపు ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున షట్టర్ ఎత్తేసరికి ఎదురుగా వరుసగా ఆగి ఉన్న లారీల్లో సగం వాటి ఇంజన్లు తిరుగుతూనే ఉంటాయి. లోపల డ్రైవరు దుప్పటి ముసుగు పెట్టుకుని నిద్రపోతుంటాడు. ఎందుకు ఆపలేదని అడిగితే, ఆపితే మళ్లీ స్టార్ట్ కాదేమోనని భయం అంటారు కొందరు. చలిగా ఉంది సార్, అని అసలు మాట చెబుతారు కొందరు. ఇవి రెండు వేర్వేరు ఇబ్బందులు. మొదటిదానికి రాత్రంతా ఇంజన్ నడపనవసరం లేదు. రెండోదానికి ఇంజన్ సరైన మందు కాదు. ఆటోమేటిక్ గేర్ల బండ్లు పెరిగిన కొద్దీ సందేహాలూ పెరిగాయి. డ్రైవర్లు, యజమానులు, వాళ్ల ఇంట్లోవాళ్లు మమ్మల్ని అడిగినవే ఈ ప్రశ్నలు.

ఉదయం స్టార్ట్ చేశాక ఎంతసేపు ఆగి కదలాలి?

పికప్ బండి అయితే అర నిమిషం, మరీ చల్లగా ఉంటే ఒక నిమిషం చాలు. గాలి బ్రేకుల లారీ అయితే ట్యాంకుల్లో గాలి నిండి, బజర్ ఆగి, గాలి మీటరులోని రెండు ముళ్లూ సరైన చోటికి వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడం ఇంజన్ కోసం కాదు, బ్రేకుల కోసం. ఆటోమేటిక్ లారీలకు మరో కారణమూ ఉంది. చాలా వాటిలో క్లచ్చునూ గేర్లనూ కదిలించేది కూడా ఆ గాలే. గాలి నిండకపోతే గేరు పడదు. గేరు లివర్ చెడిపోయిందని కంగారుపడి మాకు ఫోను చేసినవారిలో కొందరి బండ్లకు ఉన్న జబ్బు ఇంతే.

తర్వాత మొదటి ఐదు, పది కిలోమీటర్లు ఆక్సిలరేటర్‌ను తేలికగా నొక్కుతూ వెళ్లండి. ఇంజన్ వేడెక్కేది అలాగే. నిలబెట్టి అరగంట తిప్పినా డీజిల్ ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. అది నిలబడి ఉన్నప్పుడు కాల్చే డీజిల్ చాలా తక్కువ, పీల్చే గాలి చాలా ఎక్కువ. పుట్టిన కొద్దిపాటి వేడినీ ఆ గాలే సైలెన్సర్ గుండా బయటికి మోసుకుపోతుంది. స్టార్ట్ చేసిన వెంటనే మాత్రం రేజ్ చేయకండి. ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో బేరింగులకు ఆయిల్ చేరడానికి కొన్ని క్షణాలు పడుతుంది, ఆ క్షణాలు దానికి ఇవ్వండి.

అసలు మన దగ్గర చలి ఇంజన్‌కు ఒక లెక్కా?

కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు శీతాకాలపు రాత్రులు సాధారణంగా 12, 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. బాగా చలి పడిన రాత్రి 10కి అటూ ఇటూ. మన లారీల్లో ఎక్కువగా పోసే 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్‌ను సున్నాకు 20 డిగ్రీలు దిగువన కూడా సెల్ఫ్ తిప్పగలగాలన్న ప్రమాణంతో తయారు చేస్తారు. అలాంటి ఆయిల్‌కు మన జనవరి చలి ఏపాటిది?

12 డిగ్రీలకే మీ బండి ఉదయం మొరాయిస్తోందంటే తప్పు చలిది కాదు. బ్యాటరీలు ముసలివై ఉంటాయి, లేదా టెర్మినళ్లకు తెల్లటి పిండి పట్టి ఉంటుంది, లేదా డీజిల్ పైపులో ఎక్కడో గాలి లాగుతూ ఉంటుంది, లేదా స్టార్టుకు ముందు సిలిండర్లను వెచ్చబెట్టే గ్లో ప్లగ్గులు కాలిపోయి ఉంటాయి. చలి ఆ లోపాన్ని బయటపెడుతుంది, అంతే. రాత్రంతా ఇంజన్ నడిపితే ఆ లోపం కనబడకుండా ఉంటుంది కానీ పోదు. పికప్‌లలో స్టార్ట్ చేసే ముందు డాష్‌బోర్డు మీద స్ప్రింగు చుట్టలాంటి దీపం వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగి సెల్ఫ్ వేయండి. ఆ రెండు మూడు క్షణాలు కూడా ఓపిక పట్టనివారు ఎందరో.

ఆటోమేటిక్ బండి నిలబెట్టి ఇంజన్ నడపాల్సి వస్తే గేరు ఎక్కడ ఉండాలి?

ముందు మీ బండిలో ఏ రకం ఆటోమేటిక్ ఉందో తెలుసుకోవాలి. ఒకే పేరుతో రెండు వేర్వేరు యంత్రాలు తిరుగుతున్నాయి.

మన రోడ్ల మీద కనిపించే ఆటోమేటిక్ లారీలు, టిప్పర్లలో ఎక్కువ భాగం ఏఎంటీ రకం. అంటే లోపల మామూలు క్లచ్చు, మామూలు గేర్లే ఉంటాయి. వాటిని డ్రైవరు కాలు, చెయ్యి కాకుండా కంప్యూటర్ ఆజ్ఞతో గాలి గానీ మోటారు గానీ కదిలిస్తుంది. వీటిలో చాలావాటికి పార్క్ అనే స్థానమే ఉండదు. న్యూట్రల్‌లో పెట్టి పార్కింగ్ బ్రేకు లాగాలి. సంక్రాంతి రోజుల్లో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర వరుస కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. అక్కడ డ్రైవ్‌లోనే ఉంచి బ్రేకు మీద కాలుపెట్టి కూర్చుంటే క్లచ్చును విడదీసి పట్టుకున్న బేరింగు అరుగుతూ ఉంటుంది. వరుస నిమిషం పాటు కదలదనిపిస్తే న్యూట్రల్‌లో పెట్టండి. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా ఆక్సిలరేటర్‌తో ఆపడం ఇంకా చెడ్డది. క్లచ్చు ప్లేటు కాలిన వాసన ఒకసారి పీల్చినవారు మళ్లీ ఆ పని చేయరు.

రెండో రకం టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. పెద్ద డీజిల్ పికప్‌లలో, కొన్ని బస్సుల్లో ఉంటుంది. ఇందులో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఇనుప పట్టు బదులు ఆయిల్ తిరుగుతూ బలాన్ని అందిస్తుంది. డ్రైవ్‌లో ఉంచి బ్రేకు తొక్కి పట్టుకుంటే ఇంజన్ ముందుకు తోస్తూ ఉంటుంది, చక్రం కదలదు, ఆ బలమంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్‌కు వేడిని మించిన శత్రువు లేదు. కాబట్టి ఎక్కువసేపు ఆగితే పార్క్ గానీ న్యూట్రల్ గానీ.

పార్క్‌లో పెట్టడానికీ ఒక వరుస ఉంది. కాలి బ్రేకు తొక్కి, న్యూట్రల్‌లోకి తెచ్చి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, కాలు తీసి బండి బరువును హ్యాండ్ బ్రేకు మీద వాలనివ్వండి. మళ్లీ బ్రేకు తొక్కి అప్పుడు పార్క్‌లో పెట్టండి. పార్క్‌లో బండిని ఆపేది గేర్‌బాక్స్ లోపలి వేలెడంత కొక్కెం ఒక్కటే. వాలు మీద నిండు సరుకుతో ఉన్న బండి బరువు దాని మీద వేయకూడదు.

పార్క్‌లో పెట్టి నడిపితే గేర్‌బాక్స్‌కు ఆయిల్ అందదని ఒక వీడియోలో చూశాను. నిజమా?

అది అమెరికాలోని కొన్ని పాత డాడ్జ్ డీజిల్ పికప్‌ల సంగతి. వాటి గేర్‌బాక్స్ నిర్మాణం వల్ల పార్క్‌లో ఉన్నప్పుడు కన్వర్టర్‌కు ఆయిల్ ప్రవహించదు. అందుకే అక్కడివారు చలిలో ఇంజన్ వేడెక్కించేటప్పుడు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయమంటారు. వారి బండికి అది సరైన సలహా. మన దగ్గర ఇప్పుడు అమ్ముతున్న ఆటోమేటిక్ పికప్‌లకు ఆ భయం అక్కరలేదు. న్యూట్రల్‌లో వదిలి, హ్యాండ్ బ్రేకు సరిగా పట్టక, మనిషి దిగాక బండి దొర్లిపోయే ప్రమాదమే ఇక్కడ పెద్దది.

రాత్రంతా నడిస్తే ఇంజన్‌కు జరిగే నష్టం ఏమిటి?

చెప్పడం కన్నా చూపించడం తేలిక. నిరుడు జనవరిలో మిర్యాలగూడ వైపు నుంచి బియ్యం తోలే లారీ ఒకటి వచ్చింది. యజమాని ఆనందంగా చెప్పిన మాట, ఇంజన్ ఆయిల్ తగ్గడమే లేదు, పైగా పెరుగుతోంది అని. డిప్‌స్టిక్ లాగి చూశాను. ఆయిల్ పై గీత దాటి వేలెడు పైన ఉంది. పుల్ల చివరన నిలవకుండా నీళ్లలా జారిపోతోంది. పాత దినపత్రిక ముక్క మీద ఒక చుక్క వేశాము. నల్లటి మచ్చ నడుమ అలాగే ఉండిపోయింది, దాని చుట్టూ పలుచటి జిడ్డు వలయం ఒకటి పాకుతూ అక్షరాల మీదుగా వెడల్పయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. ఆయిల్ పెరగలేదు, అందులో డీజిల్ కలిసింది.

ఇంజన్ చల్లగా తిరుగుతున్నప్పుడు సిలిండర్లలో చల్లిన డీజిల్ మొత్తం కాలదు. మిగిలినది గోడల వెంట జారి రింగుల సందుల్లోంచి కింది ఆయిల్‌లో చేరుతుంది. పలుచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. కొంత మసిగా మారి టర్బోకూ ఇంజెక్టర్ల మొనలకూ పేరుకుంటుంది. ఈ అరుగుదల కిలోమీటర్ల మీటరులో కనబడదు. గంటసేపు నిలబడి తిరగడాన్ని సుమారు 40, 50 కిలోమీటర్ల పరుగుతో సమానంగా లెక్కించడం మెకానిక్‌ల ఆనవాయితీ. రోజూ ఆరు గంటలు నిలబెట్టి నడిపే బండికి కిలోమీటర్లు చూసి ఆయిల్ మారిస్తే ఆలస్యమైనట్టే. ఆ యజమానికి ఆయిల్, ఫిల్టర్లు మార్చి పంపాము. బేరింగులు బతికి ఉండటం ఆయన అదృష్టం.

ఖర్చు ఎంత?

పెద్ద లారీ ఇంజన్ నిలబడి గంటకు 2 నుంచి 3 లీటర్ల డీజిల్ తాగుతుంది. తక్కువలో తక్కువ 2 లీటర్లు, రాత్రికి 6 గంటలు, లీటరు 95 రూపాయలు అనుకుందాం. రాత్రికి 12 లీటర్లు, 1,140 రూపాయలు. చలికాలంలో 60 రాత్రులకు 68,400 రూపాయలు. ఇందులో పదో వంతుతో రెండు మంచి కంబళ్లు, ఒక స్లీపింగ్ బ్యాగు, కేబిన్ అద్దాల సందులకు కొత్త రబ్బర్లు వస్తాయి. యజమానులకు ఈ లెక్క కాగితం మీద రాసి ఇస్తుంటాను. డ్రైవరుకు కంబళి కొనివ్వడం దానం కాదు, బండి ఖర్చులో భాగం.

బీఎస్-6 బండిలో ఫిల్టర్ దీపం పదేపదే వెలుగుతోంది. ఐడ్లింగ్ (నిలబెట్టి ఇంజన్ నడపడం) వల్లేనా?

చాలావరకు అదే కారణం. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్ముతున్న కొత్త డీజిల్ బండ్లు పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్-6 ప్రమాణం ప్రకారం తయారైనవి. వీటి సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే అక్కడ దాదాపు 550, 600 డిగ్రీల వేడి పుట్టాలి. నిలబడ్డ ఇంజన్ పొగ అందులో సగం వేడికి కూడా చేరదు. మసి పుడుతూ ఉంటుంది, కాలేది మాత్రం ఉండదు. పొగలోని విషవాయువులను తగ్గించడానికి యూరియా ద్రావణం చల్లే వ్యవస్థ పనిచేయడానికీ పొగకు సుమారు 200 డిగ్రీల వేడి ఉండాలి.

దీపం మొదటిసారి వెలిగినప్పుడే సరుకుతో హైవే మీద ఆపకుండా అరగంట నడిపితే చాలాసార్లు అదే ఆరిపోతుంది. లేకపోతే బండి నిలబెట్టి స్విచ్ నొక్కి మసి కాల్చుకోవాలి. ఆ సమయంలో సైలెన్సర్ కొలిమిలా ఉంటుంది. మన ఊళ్లలో రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు, గడ్డి పరుస్తారు. దాని మీద గానీ ఎండుగడ్డి మీద గానీ బండి పెట్టి ఆ స్విచ్ నొక్కకండి. ఒక రైతు ఆరు నెలల కష్టం పది నిమిషాల్లో బూడిదవుతుంది.

కేబిన్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ఇంజన్ నడపనవసరం లేదు కదా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే సమయం ఉంటే ఇది చదవండి.

బొగ్గులు మంట లేకుండా ఎర్రగా ఉన్నంత మాత్రాన నిరపాయం కాదు. అప్పుడే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత మత్తు, వికారం. మెలకువగా ఉన్న మనిషి ఏదో తేడాగా ఉందని తలుపు తీస్తాడు. నిద్రలో ఉన్న మనిషికి ఆ మత్తు నిద్రలాగే అనిపిస్తుంది, ఇక లేవడు. అద్దాలు బిగించిన లారీ కేబిన్ ఒక చిన్న పెట్టె. అందులో గుప్పెడు బొగ్గులు చాలు. గ్యాసు స్టవ్వు వెలిగించి పడుకోవడమూ ఇంతే.

ఇంజన్ నడిపి పడుకున్నా ఈ ప్రమాదం పూర్తిగా తప్పదు. పెట్రోలుతో పోలిస్తే డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ తక్కువే. అయినా సైలెన్సర్ పైపుకు చిల్లు పడి ఉంటే, కేబిన్ అడుగున రబ్బరు మూత ఊడి ఉంటే, గాలి మీ వైపే వీస్తుంటే పొగ లోపలికి వస్తుంది. మీ ఇంజన్ ఆపినా, పక్కన ఆనుకుని ఆపిన లారీ ఇంజన్ నడుస్తుంటే దాని పొగా వస్తుంది. పైగా డీజిల్ పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చింది. రేకుల షెడ్డులో షట్టర్ దించి ఇంజన్ నడపడం మా వర్క్‌షాపులో పూర్తిగా నిషిద్ధం. కుర్రవాళ్లు ఎంత చలి అన్నా సరే.

కేబిన్‌లో పడుకున్నవారు పిలిస్తే పలకకపోతే ముందు తలుపులన్నీ తీసి మనిషిని బయటి గాలిలోకి తీసుకురండి, వెంటనే 108కి ఫోను చేయండి.

ఉదయం తెల్లటి పొగ వస్తోంది. ఇంజన్ పోయినట్టేనా?

నిమిషం, రెండు నిమిషాల్లో తగ్గితే భయం లేదు. చల్లటి సిలిండర్లలో కాలని డీజిల్ ఆవిరి అది, కళ్లు మండుతాయి. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకుండా తెల్లగా వస్తూ, తియ్యటి వాసన ఉండి, రేడియేటర్‌లో మట్టం తగ్గుతుంటే కూలెంట్ లోపలికి కారుతోందని అర్థం. బండి ఆపేయండి. నీలి పొగ అయితే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అయితే ముందు ఎయిర్ ఫిల్టర్ దులిపి చూడండి.

బ్యాటరీ దిగిపోయింది. తోసి స్టార్ట్ చేయవచ్చా?

ఆటోమేటిక్ బండిని తోసి లాభం లేదు. టార్క్ కన్వర్టర్ బండిలో ఆయిల్ పంపును తిప్పేది ఇంజనే. ఇంజన్ తిరగకపోతే చక్రాల కదలిక దాని దాకా చేరదు. ఏఎంటీలో క్లచ్చును కలపాల్సిన కంప్యూటర్‌కు కరెంటే ఉండదు.

వేరే బ్యాటరీ కలపాలి. లారీకి 24 వోల్టులు, పికప్‌కు 12 వోల్టులు. ఒకదానితో ఒకటి కలపకూడదు. ప్లస్ నుంచి ప్లస్‌కు ముందు కలిపి, మైనస్ వైరు ఒక కొనను మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండో కొనను ఆగిపోయిన బండి ఛాసిస్ మీద రంగు వేయని ఇనుముకు, బ్యాటరీకి దూరంగా తగిలించండి. లాక్కెళ్లాల్సి వస్తే గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించి లాగించండి. విప్పకుండా పది కిలోమీటర్లు లాగి గేర్‌బాక్స్ కాల్చుకున్న బండ్లను చేతులారా విప్పాను.

బత్తాయి లోడుతో ఢిల్లీ వెళ్తున్నాము, అటునుంచి కశ్మీర్ ఆపిల్ కోసం పోవచ్చు. అక్కడ కూడా ఇదే పద్ధతా?

కాదు. అక్కడిది వేరే చలి. కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి 40 రోజులను చిల్లై కలాన్ అంటారు, రాత్రులు సున్నాకు దిగువనే. డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చలికి అది పేరుకుని ముందు డీజిల్ ఫిల్టర్‌ను మూసేస్తుంది. నల్లగొండలో నింపిన ట్యాంకుతో అక్కడిదాకా పోకండి, దారిలో చలి ప్రాంతంలోని బంకుల్లోనే నింపుకుంటూ వెళ్లండి. లద్దాఖ్ కోసం సున్నాకు 33 డిగ్రీలు దిగువన కూడా గడ్డకట్టని ప్రత్యేక డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో తెచ్చింది.

అక్కడ కొన్ని గంటలు ఇంజన్ నడపక తప్పకపోవచ్చు. అలాంటప్పుడు ఇంజన్‌ను 600 ఆర్‌పీఎం (నిమిషానికి 600 చుట్లు) దగ్గర వదలకుండా, మీ బండిలో వీలుంటే 1,000 దాటించి ఉంచండి. సిలిండర్లలో వేడి నిలుస్తుంది. కిరోసిన్ కలపమని సలహా ఇచ్చేవారు తగులుతారు. బీఎస్-6 ఇంజెక్టర్లకు అది విషం. ట్యాంకు కింద గుడ్డలు కాల్చి వెచ్చబెట్టేవారిని చూసి మీరూ ఆ పని చేయకండి. పేరుకున్న ఫిల్టర్ మీద వేడినీళ్లలో తడిపిన గోనె చుట్టితే చాలు. యూరియా ద్రావణం సున్నాకు 11 డిగ్రీలు దిగువన గడ్డకడుతుంది, అది దానంతటదే కరుగుతుంది, కంగారు వద్దు. రోజూ గాలి ట్యాంకుల కింది మర తిప్పి నీళ్లు వదలండి. అవి పైపుల్లో గడ్డకడితే బ్రేకులూ ఉండవు, గేర్లూ ఉండవు.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తున్నాము. చలికి ఏమైనా అవుతుందా?

మన దగ్గర చలికి ఏమీ కాదు, నీళ్లకే అవుతుంది. మా వైపు బోరు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. రేడియేటర్ విప్పితే గొట్టాల లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా పెచ్చులు. ఉత్తరాదికి వెళ్తే ఆ నీళ్లే గడ్డకట్టి ఇంజన్ బ్లాకును పగలగొడతాయి. సగం కూలెంటు, సగం శుద్ధి చేసిన నీరు పోస్తే సున్నాకు 35 డిగ్రీలు దిగువ దాకా భయం ఉండదు.

బండి ఆపగానే ఇంజన్ కట్టేయవచ్చా?

నిండు సరుకుతో వచ్చి ఆగితే మూడు నిమిషాలు తిరగనిచ్చి ఆపండి, టర్బో చల్లబడుతుంది. ఖాళీ బండి అయితే నిమిషం చాలు. నేను మనస్ఫూర్తిగా చేయమనే ఐడ్లింగ్ ఇదొక్కటే.

ఉదయం కదిలే ముందు ఇంకేమైనా చూడాలా?

బండి కిందికి వంగి చూడండి. ఆపిన ఇంజన్ గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనానికి కుక్కపిల్లలు చక్రాల మధ్య ముడుచుకుని పడుకుంటాయి. కొన్నిసార్లు క్లీనరు కుర్రవాడూ అక్కడే పడుకుంటాడు. జడ్చర్ల దగ్గర ధాబా ఆవరణలో ఒక తెల్లవారుజామున వెనక చక్రం పక్కనుంచి ఒక పసివాడి కాళ్లు కనబడితే ఆ డ్రైవరు కూలబడిపోయి ఏడ్చాడు. పిల్లవాడికి ఏమీ కాలేదు. అతను వంగి చూశాడు కాబట్టి.

మా నాన్న ఒక్కరే బండి మీద వెళ్తారు. ఇంజన్ ఆపి పడుకుంటే చలి, నడుపుతూ పడుకుంటే మాకు భయం. ఫోనులో ఏమి చెప్పాలి?

ఈ ప్రశ్న పాలమూరు నుంచి ఒక అమ్మాయి అడిగింది. అమ్మా, నాన్నగారికి ఇలా చెప్పు. వెలుతురున్న బంకు దగ్గరో ధాబా దగ్గరో, పక్క లారీకి ఎడం ఉంచి ఆపమను. పడుకునే ముందు పావుగంట హీటర్ పెట్టుకుని కేబిన్ వెచ్చబడ్డాక ఇంజన్ ఆపేయమను. కంబళి ఒకటి కింద, ఒకటి పైన. చలి ఎక్కువగా ఎక్కేది కింది నుంచే. తలకు మఫ్లరు, కాళ్లకు ఉన్ని మేజోళ్లు. ధాబాలో వేడినీళ్లు స్టీలు సీసాలో పట్టించుకుని గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోమను, తెల్లవారేదాకా వెచ్చగానే ఉంటుంది. అద్దం రెండు వేళ్ల సందు దించి ఉంచమను. పొద్దున లేవగానే నీకొక ఫోను చేయమను.